పాస్ అన్న పాపానికి

ఆ ఆదివారం పొద్దున సదయ్య వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఏడున్నరకు అలీముద్దీన్ క్వార్టర్‌కు వెళ్లాలి. ఒక కప్పు చాయ్ తాగాలి. నిన్నటి గొడవ ఊసెత్తకుండానే మాట కలపాలి. తిరిగి వచ్చేటప్పుడు అరకిలో మటన్ తీసుకుని తొమ్మిదికల్లా ఇల్లు చేరాలి. ముప్పై నాలుగేళ్లు బొగ్గుబాయిలో నెట్టుకొచ్చిన మనిషికి ఇదేమంత పెద్ద పని కాదు. కానీ ఎడమ చెప్పు కుడికాలికి తొడుక్కుని, మళ్లీ విప్పి మార్చుకున్నాడు. ఇరవై రెండేళ్లలో మొదటిసారి, అలీముద్దీన్ ఇంటికి వెళ్లడానికి అతనికి ఒక ప్లాను కావలసి వచ్చింది.

గోదావరిఖని కాలనీ క్లబ్బులో సదయ్య, అలీముద్దీన్‌లది పాత జోడీ. ఆడేది బ్రిడ్జి. ఎప్పుడో ఒక వానాకాలం నాలుగో మనిషి దొరక్క ఒక ఇంజినీరు సదయ్యను పట్టుకుని బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. మరుసటి వారం ఇంకో మనిషి తక్కువైతే సదయ్య పోయి అలీముద్దీన్‌ను లాక్కొచ్చాడు. ఆ ఇంజినీరు బదిలీ మీద వెళ్లిపోయాడు. వీళ్లిద్దరూ ఆ బల్ల దగ్గరే ఉండిపోయారు.

బ్రిడ్జి నలుగురు ఆడే పేకాట. ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరూ ఒక జట్టు. నాలుగు ముక్కలు పడితే ఒక పట్టు, ఆట మొదలయ్యే ముందు పదమూడు పట్లలో ఎన్ని గెలుస్తామో వేలంపాట పాడాలి. ఆ పాటే ఇద్దరి మధ్యా భాష. నోరు తెరిచి నా దగ్గర ఫలానా రాజు ఉన్నాడని చెప్పకూడదు, కన్ను గీటకూడదు, దగ్గు రాకపోతే దగ్గకూడదు. ముందున్న పెట్టెలోంచి ఒక కార్డు తీసి బల్ల మీద పెట్టాలి, అంతే. ఆ పెట్టెలో ఉన్నవి మొత్తం ముప్పై ఎనిమిది మాటలు. ఆ కాసిని మాటలతో ఎదుటివాడి చేతిలోని పదమూడు ముక్కలు కళ్లకు కట్టినట్టు కనిపించడం సదయ్యకు ఇన్నేళ్ల తర్వాత కూడా నమ్మబుద్ధి కాని విషయం. ఇంట్లో భార్య సారవ్వతో ముప్పై ఎనిమిది వేల మాటలు మాట్లాడినా ఆమె మనసులో ఏముందో అతనికి తెలిసేది కాదు. ఇక్కడ అలీముద్దీన్ ఒక్క కార్డు పెడితే తెలిసిపోయేది.

నిన్న తప్ప.

నిన్న శనివారం, కొత్తగూడెంలో జరిగే కంపెనీ పోటీకి ఏరియా జోడీని ఎన్నుకున్నారు. మూడుసార్లు గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చిన మన జోడీ నాలుగోసారి గెలిచింది. పోటీ వచ్చే శనివారం. ఉద్యోగంలో ఉన్నవాళ్లే ఆడాలని నియమం, సదయ్యకేమో ఈ నెలాఖరున రిటైర్‌మెంటు. అంటే అతనికి ఇదే మొదటి అవకాశం, ఇదే చివరిది. ఆ సంతోషంలో లడ్డూలు పంచుకోవలసిన సమయంలో, ఇద్దరూ ఆఖరి ఆట గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు.

ఆఖరి ఆటలో సదయ్య 'వన్ నో ట్రంప్' పాడాడు, అంటే తురుపు లేకుండా ఏడు పట్లు. అలీముద్దీన్ ఒక్క దూకు దూకి 'ఫోర్ నో ట్రంప్' కార్డు పెట్టాడు. కొన్ని జోడీలు ఆ కార్డును 'నీ దగ్గర ఆసులెన్ని?' అని అడగడానికి వాడతాయి. అప్పుడు జవాబు చెప్పి తీరాలి. కొన్ని జోడీలు 'నీ చెయ్యి బలంగా ఉంటే పన్నెండు పట్ల దాకా పోదాం, లేకుంటే ఇక్కడే ఆగుదాం' అనడానికి వాడతాయి. అప్పుడు ఆగిపోవచ్చు. అలీముద్దీన్ ఆసులు అడిగాడు. సదయ్య పాస్ కార్డు పెట్టి ఆగిపోయాడు. తీరా ఆడితే పన్నెండు పట్లూ వచ్చాయి. పాడని పట్లకు బోనస్ ఉండదు.

"నేను ఆసులు అడుగుతే నువ్వు పాస్ ఎట్ల అంటవ్ సదన్నా?"

"ఆసులెక్కడియి? బలం లేకుంటే ఆగుమన్నట్టు గద అది! మార్చ్‌ల దవాఖాన లైన్ల నిలబడ్డప్పుడు అనుకోలే?"

"ఏ మార్చ్? ఏ దవాఖాన?"

అక్కణ్నుంచి గొంతులు లేచాయి. చాయ్ గ్లాసు ఒలికింది. ఒకరి జ్ఞాపకశక్తి మీద ఒకరు అనరాని మాటలు అనుకున్నారు. క్లబ్ సెక్రటరీ ఉపేందర్ అదంతా విన్నాడు. ఆయన బాయిలో సేఫ్టీ ఆఫీసరు, ఏ విషయాన్నీ తేల్చకుండా వదలని మనిషి.

"గిట్ల కొట్లాడుకునే జోడీని పంపితే ఏరియా ఇజ్జత్ పోతది," అన్నాడు. "తప్పెవరిదో రేపు పదింటికి తేలుస్త. తప్పు చేసినాయన ఈడనే ఉంటడు. రెండో ఆయన మన బిక్షంతోని పోతడు."

మూలకు కూర్చున్న బిక్షం, రెండేళ్లుగా ఎవరికైనా జ్వరం రాకపోతుందా అని ఎదురుచూస్తున్న ఆటగాడు, వెంటనే లేచి నిలబడ్డాడు.

ఇదీ నిన్నటి సంగతి. సదయ్య ఇదంతా నెమరేసుకుంటూ గేటు దాటేసరికి ఎదురుగా నర్సింగం కనిపించాడు. నర్సింగం యూనియన్ నాయకుడు, పక్క లైనులోనే ఉంటాడు. పేకముక్క అంటే అతనికి ఒళ్లు మంట. బ్రిడ్జి వేరు, మూడు ముక్కలాట వేరు అని ఎవరైనా చెప్పబోతే అరగంట ఉపన్యాసం ఇస్తాడు.

"ఏంది కాకా, మొఖం గట్ల వాడిపోయింది?"

కడుపులో ఉన్నది కక్కకపోతే సదయ్యకు ఊపిరాడేలా లేదు. ముక్కల పేరెత్తితే ఉపన్యాసం తప్పదు. అందుకని, తను బాయి మీద హాలేజ్ ఆపరేటర్, అంటే కింది నుంచి వచ్చే గంటల సంకేతం విని బొగ్గు టబ్బులను పైకి లాగే ఇంజను నడిపేవాడు కాబట్టి, ఆ భాషలోనే అడిగాడు.

"ఒక్కటి చెప్పు నర్సింగం. కింద నుంచి గంట కొట్టిన్రు. నీకు సమజ్ కాలే. ఏం చేస్తవ్?"

"ఏం చేస్త? ఇంజను ఆపుత."

"ఆపినందుకు తప్పు నాదే అంటున్నరు."

"ఎవలు?"

"పదింటికి ఉపేందర్ సార్ తేలుస్తడట. క్లబ్బుల."

నర్సింగం మొహం ఎర్రబడింది. రిటైర్‌మెంటుకు మూడు వారాలున్న కార్మికుడి మీద, సేఫ్టీ రూలు పాటించినందుకు, ఆదివారం పూట, ఆఫీసు వదిలేసి క్లబ్బులో చాటుగా ఎంక్వైరీ! సదయ్య "అది గాదు..." అనేలోపే ఫోన్ తీసి యూనియన్ గ్రూపులో మెసేజ్ పెట్టేశాడు. "నువ్వు ఫికర్ చెయ్యకు కాకా," అని భుజం తట్టి, జెండా తేవడానికి వెళ్లిపోయాడు. వెనక్కి పిలిచి అసలు సంగతి చెప్పడానికి సదయ్యకు ధైర్యం చాల్లేదు. తర్వాత చెప్పొచ్చులే అనుకున్నాడు.

అలీముద్దీన్ క్వార్టర్ తలుపు అతని భార్య అమీరున్నీసా తీసింది.

"ఆయన ఆరింటికే పోయిన్రు సదన్నా. ఉపేందర్ సాబ్‌ను కలవాల్నట. చాయ్ గూడ తాగలే."

సదయ్య గుమ్మం మీద పెట్టిన కాలు వెనక్కి తీసుకున్నాడు. తను మాట కలపడానికి వచ్చాడు. అలీముద్దీనేమో పొద్దు పొడవకముందే ఫిర్యాదు చేయడానికి పోయాడు. ఇరవై రెండేళ్ల స్నేహం ఒక్క పాస్ కార్డుకు తెగిపోయిందా అనుకుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమె చూడకుండా తుడుచుకుని, మటన్ షాపు ముందు నుంచే నడుచుకుంటూ వెళ్లినా మటన్ సంగతి గుర్తు రాక, కాలనీ అంతా తిరిగి తిరిగి పదింటికి క్లబ్బుకు చేరుకున్నాడు.

క్లబ్ హాల్లో ఉపేందర్ ఫైలు తెరిచి సిద్ధంగా ఉన్నాడు. తప్పెవరిదో తేల్చడమనే పని ఆయనకు ఒక్క పద్ధతిలోనే వచ్చు. అందుకని బాయిలో ప్రమాదం జరిగితే నింపే ఫారాన్నే తెచ్చాడు. అప్పటికే సగం నిండింది కూడా. ఘటన జరిగిన స్థలం: క్లబ్ హాలు, మూడో టేబులు. సమయం: సాయంత్రం నాలుగు ఇరవై. వెలుతురు: సరిపడా ఉంది. గాలి: ఫ్యాను తిరుగుతోంది. గ్యాస్: లేదు. పైకప్పు పరిస్థితి అన్న చోట ఆయన తలెత్తి ఒకసారి చూసి, 'సున్నం వేయాలి' అని రాశాడు. సాక్షిగా ప్రత్యర్థి జోడీలోని కుర్ర ఇంజినీరు తాబిష్‌ను పిలిపించాడు. బిక్షం కొత్త చొక్కా వేసుకుని, ప్రయాణం ఇంకా ఐదు రోజులుందనగా, బ్యాగు కూడా తెచ్చుకున్నాడు.

అలీముద్దీన్ కిటికీ పక్కన కూర్చుని ఉన్నాడు. సదయ్యను చూసి తల తిప్పుకున్నాడు.

ఉపేందర్ టేపు పట్టుకుని ఒక కుర్చీకీ ఇంకో కుర్చీకీ మధ్య దూరం కొలుస్తుండగా బయట నినాదాలు మొదలయ్యాయి. జెండాతో నర్సింగం, వెనక డెబ్బై మంది. అందరికంటే ముందు, కొంగు నడుముకు చుట్టుకుని, చెప్పులు కూడా లేకుండా సారవ్వ. ఇంటాయన మీద యాక్సిడెంట్ ఎంక్వైరీ అని ఎవరో చెప్పగానే పొయ్యి మీద కుండ దించి ఉరికొచ్చింది.

"ఏమైందయ్యా నీకు? కాళ్లు చేతులు మంచిగున్నయా? కింద ఎవలకన్న ఏమన్నయిందా?" అని అతన్ని తల నుంచి పాదాల దాకా తడిమింది.

"నాకేం కాలే."

"మరి గీ కాయిదాలేంది? గీ కొలుసుడేంది?"

చెప్పక తప్పలేదు. సదయ్య నేల చూపులు చూస్తూ చెప్పాడు. ఫోర్ నో ట్రంప్ గురించి, పాస్ గురించి, కొత్తగూడెం గురించి. నినాదాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. బయట ఎవడో విషయం తెలియని వాడు మాత్రం "నష్టపరిహారం చెల్లించాలె!" అని ఇంకా అరుస్తున్నాడు.

"పత్తాలా?" అంది సారవ్వ. పేకముక్కలన్న ఆ ఒక్క మాటను ఆమె అన్న తీరుకు ఉపేందర్ కూడా ఫైలు మూశాడు.

అసలు చిక్కు నర్సింగానికి వచ్చింది. డెబ్బై మందిని ఆదివారం పూట టిఫిన్లు మాన్పించి తీసుకొచ్చాడు. పేకాట కోసం పిలిచానని చెబితే మళ్లీ ఏ ధర్నాకూ ఒక్కడు రాడు. అందుకని గొంతు సవరించుకున్నాడు.

"పత్తాలైనా సరే, పని అయినా సరే. ఎంక్వైరీ అన్నంక కార్మికుని తరఫున యూనియన్ ఉండాలె. సదయ్య కాకా దిక్కు నేను కూసుంట."

"అలీముద్దీన్ కూడ మీ మెంబరే గదా?" అన్నాడు ఉపేందర్.

నర్సింగం ఒక్క క్షణం ఆలోచించాడు. "ఆయన దిక్కు గూడ నేనే కూసుంట," అని కుర్చీ తెచ్చి ఇద్దరికీ మధ్యలో వేసుకున్నాడు.

వచ్చినవాళ్లు వచ్చినట్టే కింద కూర్చున్నారు. ఉపేందర్ మళ్లీ ఫారం తెరిచాడు. తర్వాతి అంశం స్కెచ్. ఘటన సమయంలో ఏ వస్తువు ఎక్కడుందో గీయాలి. అంటే నిన్నటి ఆఖరి ఆటలో ఎవరి చేతిలో ఏ ముక్కలున్నాయో కావాలి. అది ఎవరూ రాసిపెట్టలేదు. తాబిష్‌ను అడిగితే తన పదమూడు ముక్కలు తడుముకుంటూ చెప్పాడు, అవతలివి తెలియవన్నాడు.

"నేను పెడ్త," అన్నాడు అలీముద్దీన్.

పేక తీసుకుని బల్ల దగ్గరికి వచ్చాడు. ముందు తన పదమూడు పెట్టాడు. తర్వాత తాబిష్‌వి పెట్టాడు. తాబిష్ వంగి చూసి, తల ఊపాడు. తర్వాత తాబిష్ జోడీవి. ఎక్కడా ఆగలేదు, నుదురు రుద్దుకోలేదు. పద్దెనిమిది గంటల కిందట ఒక్కసారి బల్ల మీద పడి కలిసిపోయిన యాభై రెండు ముక్కలు, ఒక్కొక్కటే లేచి వచ్చి తమ చోట్లలో కూర్చుంటున్నట్టుంది. కింద కూర్చున్న డెబ్బై మందిలో ముక్కల సంగతి తెలిసినవాళ్లు పది మంది కూడా ఉండరు. అయినా ఎవరూ దగ్గలేదు. నర్సింగం నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

"ఇవి మా సదన్నయి," అని చివరి పదమూడూ పెట్టాడు అలీముద్దీన్. "ఇస్పేటు రాజు ముంగట ఆడిండు, డైమన్ రాణి దాచిండు. అది దాచకపోతే పన్నెండో పట్టు రాకపోతుండె. ఆయన తప్ప గట్ల ఎవ్వలు ఆడరు."

సారవ్వ మొగుడి చెవి దగ్గరికి వంగింది. "అన్ని యాదికున్నయా? నిజంగనేనా?"

"అన్నీ కరెక్టే," అన్నాడు సదయ్య.

"నీకు గూడ యాదికున్నయా?"

"ఉన్నయి."

"ఉప్పు ప్యాకెట్ తెమ్మంటె మాత్రం యాదికుండది," అంది సారవ్వ. కానీ ఆ మాటలో ఎప్పుడూ ఉండే కారం లేదు. ఆమె చూపు ఆ బల్ల మీదే ఉంది.

సదయ్య ఆ వరసలు చూస్తూ ఉండిపోయాడు. నిన్నటి నుంచి మనసులో పేరుకున్న కోపం ఎటు పోయిందో తెలియలేదు. ఫిర్యాదు చేస్తే చేశాడు. ఇలాంటి బుర్ర ఉన్న మనిషి ఎదురుగా ఇరవై రెండేళ్లు కూర్చోవడమే తన అదృష్టం. ఈ మనిషి కొత్తగూడెం వెళ్లి, కంపెనీలోని పెద్ద పెద్ద ఆటగాళ్ల ముందు ఆడి తీరాలి. తను వెళ్లకపోతే కొంప మునిగేది ఏమీ లేదు.

అప్పుడే ఉపేందర్ ఇద్దరికీ చెరో తెల్లకాగితం ఇచ్చాడు. వాంగ్మూలం రాయడానికి సదయ్యను క్యారమ్స్ గదికి, అలీముద్దీన్‌ను స్టోర్ గదికి పంపాడు. పావుగంట తర్వాత రెండు కాగితాలూ తెచ్చి, అందరి ముందూ పైకి చదివాడు. మొదట సదయ్యది.

"తప్పు నాదే. అలీముద్దీన్ ఆసులే అడిగిండు. మేము గట్లనే అనుకున్నం, నేనే మర్చిపోయిన. పంతొమ్మిదేండ్లు నేను పైన ఇంజను కాడ, ఆయన కింద గంట కాడ పని చేసినం. ఆయన మొఖం నాకు కనపడకపోతుండె, గంట ఒక్కటే ఇనపడుతుండె. గంట సమజ్ కాకుంటే ఇంజను ఆపుడే. ఆపకపోతే కింద మనిషి బతకడు. నిన్న ఆయన కార్డు నాకు సమజ్ కాలే. చెయ్యి దానంతల అదే ఆపింది. ఆయనను కొత్తగూడెం పంపుర్రి."

పొద్దున నర్సింగం ముందు ముక్కల పేరు దాచడానికి చెప్పిన సాకే అది. కాగితం మీద పెట్టేసరికి నిజమని సదయ్యకే తెలిసి, రాస్తూ రాస్తూ ఒక్క నిమిషం కలం పట్టుకుని కూర్చుండిపోయాడు. ఇప్పుడు వింటుంటే హాల్లో వెనక వరసలో ఎవరో ముక్కు చీదారు. హాలేజ్ మీద పనిచేసినవాళ్లు అందులో చాలామందే ఉన్నారు.

ఉపేందర్ రెండో కాగితం తీశాడు.

"తప్పు నాదే. బలం లేకుంటే ఆగుడే అని మార్చ్‌ల దవాఖాన లైన్ల సదన్న చెప్పిండు, నేను సరే అన్న. నిన్న మర్చిపోయి ఆసులు అడిగిన. సదన్న పాస్ అన్నది రైటే. నాకు ఇంక నాలుగేండ్ల సర్వీసు ఉన్నది, సదన్నకు మళ్ల మోఖా లేదు. ఈ మాట చెప్పుదామని పొద్దుగాల ఆరింటికే సార్ దగ్గరికి వచ్చిన. ఎంక్వైరీల చెప్పుమన్నరు. ఆయనను పంపుర్రి."

సదయ్య లేచి నిలబడ్డాడు. ఆరింటికి ఫిర్యాదు చేయడానికి పోలేదు. నేరం ఒప్పుకోవడానికి పోయాడు. సదయ్యకు ఏడుపొచ్చింది, దాంతోపాటే పట్టరాని కోపం కూడా వచ్చింది.

"ఉత్తదే సార్! దవాఖాన లైన్ల మేమేం అనుకోలే!"

"నిన్న నువ్వే గద సదన్నా అన్నవ్!"

"నిన్న నేనన్నది తప్పు. నువ్వన్నదే రైటు."

"నేనన్నది ఎట్ల రైటైతది? నీదే రైటు!"

నిన్నటికంటే గట్టిగా అరుచుకుంటున్నారు. నిన్న ఎవరి వాదన వాళ్లు వినిపించారు, ఇవాళ ఒకరి వాదన ఇంకొకరు వినిపిస్తున్నారు, అంతే తేడా. మళ్లీ చాయ్ గ్లాసు ఒలికింది. ఉపేందర్ ఫారం వైపు దిగులుగా చూశాడు. ఆయన సర్వీసులో తప్పు ఎవరూ ఒప్పుకోని ఎంక్వైరీలే చూశాడు. ఇద్దరూ ఒప్పుకుంటే ఏం రాయాలో ఫారంలో లేదు. 'బాధ్యుడు' అన్న చోట ఒక్క పేరుకే జాగా ఉంది.

నర్సింగం అదను చూసి లేచాడు. "సార్, మా మనుషులు ఇద్దరు తప్పు ఒప్పుకున్నరు. ఒక్కల మీదనే చర్య తీస్కుంటే రెండో ఆయనకు అన్యాయమైతది. యూనియన్ ఊకోదు. ఆపుతే ఇద్దర్ని ఆపుర్రి. పంపుతే ఇద్దర్ని పంపుర్రి."

"మరి నేను?" అన్నాడు బిక్షం.

"నువ్వేం తప్పు చేసినవ్ చెప్పు, చూద్దాం," అన్నాడు నర్సింగం.

బిక్షం ఎంత ఆలోచించినా తన తప్పేదీ దొరకలేదు. డెబ్బై మందీ చప్పట్లు కొట్టారు. ఇద్దర్నీ ఆపితే ఏరియాకు జోడీయే ఉండదు కాబట్టి ఉపేందర్ తలవంచాడు. తన తీర్పు ఇలా రాశాడు: ఘటనకు కారణం, ఒప్పందాలు రాతలో లేకపోవడం. సిఫారసు, ప్రయాణానికి ముందే రాసిపెట్టుకోవడం. బాయిలో షిఫ్టు దిగేవాడూ ఎక్కేవాడూ పుస్తకంలో రాసి సంతకం పెట్టినట్టే, వీళ్లకూ చెరో నోటుబుక్కు ఇచ్చాడు.

"కొత్తగూడెం దాక పోతరట గని, మటన్ షాపు దాక పోనీకి కాళ్లు రాలే," అంది సారవ్వ బయటికి వస్తూ. ఆ తర్వాత అలీముద్దీన్ వైపు తిరిగి, "అలీ తమ్మీ, చెల్లెను తోలుకొని తిననీకి రా. కూర లేదు, పప్పే," అంది.

ఆ వారం ఇద్దరూ ఎవరింట్లో వాళ్లు కూర్చుని నోటుబుక్కులు నింపారు. కలిసి కూర్చుని రాస్తే మళ్లీ గొడవ వస్తుందని ఇద్దరికీ భయం. సదయ్య ఎంతో గౌరవంగా, అలీముద్దీన్ మాటే ఖాయమని, 'ఫోర్ నో ట్రంప్ అంటే ఆసులు అడిగినట్టు' అని రాశాడు. అలీముద్దీన్ అంతే గౌరవంగా, సదన్న మాటే ఖాయమని, 'ఫోర్ నో ట్రంప్ అంటే బలం ఉంటే పోదాం, లేకుంటే ఆగుదాం' అని రాశాడు. రెండు పక్షాల తరఫునా నర్సింగం రెండింటి మీదా చదవకుండా సంతకం చేశాడు.

శనివారం కొత్తగూడెం హాల్లో అడుగు పెట్టగానే సదయ్య బల్లలు లెక్కపెట్టాడు. ఇరవై బల్లలు, ఎనభై మంది, ఎన్నెన్నో ఆటలాడి తలలు నెరిసిన మనుషులు. అయినా అంతమందిలోనూ చీమ చిటుక్కుమంటే వినిపించేంత నిశ్శబ్దం. మూడో రౌండులో సదయ్య 'వన్ నో ట్రంప్' పెట్టాడు. అలీముద్దీన్ తన ముక్కలు రెండుసార్లు లెక్కపెట్టుకుని, 'ఫోర్ నో ట్రంప్' పెట్టాడు.

సదయ్య ఈసారి ఆగలేదు. అలీ అడిగింది ఆసులే, తన దగ్గర రెండున్నాయి. రెండు ఆసులకు జవాబు 'ఫైవ్ హార్ట్స్' కార్డు. పెట్టాడు. అలీముద్దీన్ ఆ కార్డును చూసి మురిసిపోయాడు. తను పోదామా అని అడిగితే సదన్న పోదామన్నాడు, పైగా తన దగ్గర ఆఠీన్లు, అంటే హార్ట్స్, బారెడున్నాయని కూడా చెబుతున్నాడు. అలీముద్దీన్ దగ్గరా నాలుగు ఆఠీన్లున్నాయి. వెంటనే 'సిక్స్ హార్ట్స్' పెట్టాడు. పన్నెండు పట్లు, తురుపు ఆఠీను. అది చూసి సదయ్య, ఓహో, ఆఠీన్లు బారెడున్నది అలీ దగ్గరన్నమాట అనుకుని నిశ్చింతగా పాస్ అన్నాడు.

ఆట మొదలై, నియమం ప్రకారం అలీముద్దీన్ తన ముక్కలన్నీ సదయ్య ఆడడానికి బల్ల మీద పరిచేసరికి, సదయ్య గబగబా ఆఠీన్లు లెక్కపెట్టాడు. అలీముద్దీన్‌వి నాలుగే. తనవీ నాలుగే. బారెడు ఎవరి దగ్గరా లేవు. పంతొమ్మిదేళ్లు గంట విని ఇంజను నడిపిన చేతులతో, ఇంకేం ఆలోచించకుండా, ఒక్కో ముక్కా ఆడుతూ పోయాడు. బయట మిగిలిన ఐదు ఆఠీన్లూ మూడు, రెండుగా విడిపోయి ఉన్నాయి. అలీముద్దీన్ వైపున్న చిట్టి ఆఠీను ఒకటి తురుపుగా పనికొచ్చి అదనపు పట్టు తెచ్చింది. పన్నెండు వచ్చాయి.

పోటీలో ప్రతి బల్లకూ ఒకే పంపకం, అంటే మిగతా పంతొమ్మిది బల్లల మీదా అవే ముక్కలు. అందరూ నో ట్రంప్‌లోనే ఆడారు, అక్కడ పదకొండుకు మించి రావు. ముందే ఆగినవాళ్లకు బోనస్ లేదు, పన్నెండు పాడినవాళ్లు మునిగారు. ఫలితాల కాగితం గోడకు అంటించగానే హాల్లో గుసగుసలు బయల్దేరాయి. మనుషులు ఒక్కొక్కరే వచ్చి వీళ్ల బల్ల చుట్టూ నిలబడ్డారు. నలభై ఏళ్లుగా ఆడుతున్న ఒక పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఇద్దరి దగ్గర నాలుగేసే ఆఠీన్లు. నో ట్రంప్ ఒద్దు, ఆఠీనులనే పన్నెండు వస్తయని ఎట్ల కనుక్కున్నరయ్యా? ఇసొంటి బిడ్డింగు నేను జిందగీల చూడలే. ఏం సిస్టమ్ ఇది?" అని రెండు చేతులూ జోడించాడు.

సదయ్య, అలీముద్దీన్ ఇద్దరూ ఒకేసారి జేబులోంచి నోటుబుక్కులు తీశారు. చూపించే ముందు ఎందుకో ఒకరి పుస్తకంలోకి ఒకరు తొంగి చూశారు. ఫోర్ నో ట్రంప్ ఎదురుగా ఒకరిది ఆసులంటోంది, ఇంకొకరిది ఆగమంటోంది. మొన్న ఒక్కరు తప్పు చేస్తే బోనస్ పోయింది, ఇవాళ ఇద్దరూ చెరో వైపు నుంచి తప్పు చేస్తే పన్నెండు పట్లు వచ్చాయి. ఈ ఆటను కనిపెట్టినవాడెవడో గానీ వాడికి దండం పెట్టాలనిపించింది సదయ్యకు. అలీముద్దీన్ చెంపల మీదుగా నీళ్లు కారుతున్నాయి, అది నవ్వో ఏడుపో తెలియడం లేదు.

"సిస్టమ్ ఏం లేదు సార్," అన్నాడు సదయ్య పుస్తకం మళ్లీ జేబులో పెట్టుకుంటూ. "ఇరవై రెండేండ్ల అలవాటు."

"అదే సార్," అన్నాడు అలీముద్దీన్ కూడా.

పెద్దాయన అపనమ్మకంగా, భక్తిగా తల ఊపి, తన జోడీ దగ్గరికి పోయి, చూసి నేర్చుకో అని అతన్ని కోప్పడ్డాడు. సాయంత్రానికి మన జోడీకి మూడో స్థానం వచ్చింది, కానీ కప్పు గెలిచినవాళ్లను వదిలేసి అందరూ వీళ్లతోనే ఫొటోలు దిగారు. తిరుగు బస్సులో పక్కపక్కన కూర్చుని, ఆ రెండు పుస్తకాలూ చచ్చినా ఎవరికీ చూపించకూడదని ఇద్దరూ గట్టిగా అనుకున్నారు.

ఈ ఒప్పందాన్ని మాత్రం వాళ్లు ఎక్కడా రాసుకోలేదు, అందుకే ఇంతవరకు అందులో పొరపాటు జరగలేదు.